ప్రార్థన కొండ మీద ఒక పొద్దున

తెల్లవారుజామున నాలుగున్నరకు కందుకూరులో బస్సెక్కితే ఆరు గంటలకల్లా ఒంగోలులో ఉంటాం. తమ్ముడికి వారానికి మూడుసార్లు డయాలసిస్. 2022లో మా ఊరిని నెల్లూరు జిల్లాలో కలిపారు గానీ మా ఆస్పత్రీ మా చుట్టాలూ అప్పుడూ ఒంగోలులోనే, ఇప్పుడూ ఒంగోలులోనే. సింగరాయకొండ, టంగుటూరు దాటి బస్సు దిగేదాకా అమ్మా తమ్ముడూ నేనూ ఒక్క మాటా మాట్లాడుకోం.

తమ్ముణ్ణి డయాలసిస్ మిషన్ మీద పడుకోబెట్టాక నాలుగు గంటలు పడుతుంది. ఎప్పుడూ వరండాలోనే కూర్చునేవాళ్ళం. ఆ రోజు అమ్మ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "కొండకు పోదాం రా అమ్మాయ్" అంది.

అంతకు నాలుగు రోజుల ముందే నా బ్లడ్ గ్రూపు తమ్ముడిదానితో కలిసిందని చెప్పారు. మిగతా పరీక్షలు చేయించుకోవాలా వద్దా అన్నది నేనే తేల్చుకోవాలి. కిడ్నీ ఇవ్వాలని ఉంది. నాకూ ఇద్దరు చిన్నపిల్లలు, అదీ భయం. అత్తగారింట్లో ఎవరూ వద్దనలేదు, ఊఁ అని కూడా అనలేదు. అమ్మకు నేనింకా చెప్పలేదు.

ఒంగోలు ప్రార్థన కొండ పెద్దదేం కాదు. అమ్మ మోకాళ్ళకు మాత్రం పెద్దదే. పది అడుగులకోసారి నిలబడుతూ ఎక్కింది. పైకి చేరేసరికి ఎండ ముఖాన కొడుతోంది. కింద ఊరంతా ఇళ్ళే.

1854 జనవరి 1న తెల్లవారుతుండగా ఇక్కడ ఐదుగురు మోకరించారు. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొరగారు, దొరసానిగారు, వాళ్ళతో నెల్లూరు నుంచి వచ్చిన ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోదే. తెలుగువాళ్ళ మధ్య పని మొదలుపెట్టి ఏళ్ళు గడిచినా ఫలితం లేదని, అమెరికాలో వాళ్ళను పంపినవాళ్ళే ఈ క్రైస్తవ మిషన్ పనిని మూసేద్దామా అనుకుంటున్న రోజులు. ఒంగోలుకు ఒక్క మనిషిని పంపమని ఆ ఐదుగురూ అడిగారు. వాళ్ళడిగిన ఆ మనిషి, క్లౌ అనే మిషనరీ దొరగారు, ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో వింటున్న కథే. మధ్యలో పన్నెండేళ్ళున్నాయని మాత్రం ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఆ రోజు లెక్కపెట్టాను.

ఆ తర్వాతి సంగతి నాకు ఇంకా ఇష్టం. 1876లో కరువు మొదలై జనం ఆకలితో చచ్చిపోతుంటే క్లౌ దొరగారు ప్రార్థన ఒక్కటే చేసి ఊరుకోలేదు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని పని పెట్టించారు. తట్టలో మన్ను మోసినవాళ్ళకు సాయంత్రానికి కూలి డబ్బులు దక్కాయి. కూడు కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "నమ్మకముంచమ్మా, అంతా ఆయనే చూసుకుంటాడు" అని ఈ రెండేళ్ళలో నాకు చాలామంది చెప్పారు. చెప్పి వెళ్ళిపోయారు. వాళ్ళ మాటకంటే ఆ తట్టా పారా నాకు ఎక్కువ ధైర్యమిచ్చాయి.

అమ్మ బండ మీద కూర్చుని కొంగు నెత్తిన కప్పుకుంది. బైబిలు తెరవలేదు. "నీ భారము యెహోవామీద మోపుము, ఆయనే నిన్ను ఆదుకొనును" అంది. యాభై అయిదో కీర్తన. ఎన్నిసార్లు విన్నానో. ఆ 'మోపుము' దగ్గర మా నాయనమ్మ గడ్డిమోపు గుర్తొచ్చింది.

పచ్చిగడ్డి కోసి మోపు కట్టి నాయనమ్మ గట్టు మీద నిలబడేది. దారిన పోయేవాళ్ళెవరన్నా ఓ చెయ్యి వేస్తేగానీ అది తలమీదికి ఎక్కదు. రెండు మైళ్ళు తనే మోసుకొచ్చేది. ఇంటి ముందుకొచ్చి, "ఎవరన్నా చెయ్యి వెయ్యండే" అని కేకేసేది. నేను ఉరికిపోయి ఒక పక్క పట్టుకునేదాన్ని. ధబ్బున పడేస్తే కట్టు తెగి గడ్డంతా చెల్లాచెదురైపోతుంది. అందుకే మెడ బిగబట్టుకుని, అవతలి చెయ్యి తగిలేదాకా ఆగేది.

నేను ఈ నాలుగు రోజులూ మోపు పడేద్దామనే చూశాను. కేక వెయ్యలేదు.

"అమ్మా, నా గ్రూపు కలిసింది" అన్నాను.

"తెలుసు. నర్సమ్మ చెప్పింది." కాసేపాగింది. "ఇవ్వమని నిన్నడగలేను. వద్దనీ అనలేను. ఇద్దరూ నా కడుపున పుట్టినోళ్ళే. ఇంట్లో కూర్చుని ఈ మాట ప్రభువుకు చెప్పుకోలేకపోయా. అందుకే ఇక్కడికి తీసుకొచ్చా."

ఇద్దరం మోకరించాం. అమ్మ పైకి ప్రార్థించలేదు, నేనూ అంతే. ఏం చెయ్యాలో చెప్పమని నేను అడగలేదు. ఇది నా ఒక్కదానివల్ల కాదు, నువ్వు ఒక పక్క పట్టుకో ప్రభువా అన్నాను. చాలాసేపు ఏడ్చాను. అమ్మ చెయ్యి నా వీపు మీదే ఉంది.

దిగేటప్పుడు అమ్మ నా భుజం పట్టుకుంది. ఆస్పత్రికి వెళ్ళేసరికి తమ్ముడు లేచి కూర్చుని ఉన్నాడు. నాలుక తడుపుకుంటున్నాడు. రోజుకు ఇన్ని నీళ్ళని కొలత, అందులోంచి అరగ్లాసు ఇచ్చాం. మిగతా పరీక్షలు ఎప్పుడు చేస్తారో కనుక్కుని తేదీ రాయించుకున్నాను. చీటీ అమ్మకు చూపిస్తే మడిచి తన బైబిల్లో పెట్టుకుంది.

తిరుగు బస్సులో టంగుటూరు రాకముందే అమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆమె పగలు నిద్రపోవడం ఈ రెండేళ్ళలో నేను చూడలేదు. కందుకూరు వచ్చేదాకా తమ్ముడూ నేనూ ఆమెను లేపలేదు.