సంచిలో దాచిన సంచులు

పోయిన నెలలో వంటింటి కింది అర సర్దుతుంటే, ఒక గుడ్డ సంచిలో కుక్కి పెట్టిన మరో ఇరవై మూడు గుడ్డ సంచులు బయటపడ్డాయి. ప్లాస్టిక్ మానేశామన్న సంతృప్తితో, బయటికి వెళ్లిన ప్రతిసారీ సంచి మరచిపోయి కొత్తది తెచ్చుకోవడం వల్ల పోగైనవే అవన్నీ. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచి కన్నా భూతాపానికి తక్కువ కారణం కావాలంటే నూలు సంచిని 131 సార్లకు పైగా వాడాలి. మా సంచుల్లో సగానికి మడత కూడా నలగలేదు.

ఇప్పుడు రెండే సంచులు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్నాయి, మిగిలినవి పంచిపెట్టేశాం. ఉన్న డబ్బాలు పారేసి 'పర్యావరణహితం' అని ముద్ర వేసిన కొత్తవి కొనే పొరపాటు కూడా ఒకసారి చేశాను (అందమైన గాజు సీసాల మోజు అంత తేలిగ్గా వదలదు).

తడి చెత్త సంగతి వేరు. చెత్తకుప్పల అడుగున గాలి అందక కుళ్లే తొక్కలు భూతాపాన్ని పెంచే మీథేన్ వాయువును విడుదల చేస్తాయి. వాటినే ఎండుటాకులతో కలిపి, గాలి ఆడే డబ్బాలో వేసి అప్పుడప్పుడు తిరగేస్తే ఎరువవుతాయి. మొదటి వారం ఆకులు వేయడం మరచిపోవడంతో కంపు కొట్టి, ఇంట్లో అందరూ నాపై విరుచుకుపడ్డారు. నిన్న మా చిన్నది డబ్బాలో చెయ్యి పెట్టి, "నాన్నా, లోపల వెచ్చగా ఉంది!" అని అరిచింది.