పేవర్ల ధర అడగడానికి ముందు

గేటు నుంచి పోర్టికో వరకు కారు నడిచే చోటును బాగు చేయించాలనుకునే బెంగళూరు ఇంటివారు మొట్టమొదట అడిగేది, పేవర్లు, అంటే నేల మీద పేర్చే కాంక్రీటు దిమ్మలు, చదరపు అడుగు ఎంత అని. రామమూర్తి నగర్‌లోని మా ఇంటికి ఈ పని కోసం కొటేషన్లు తెప్పించినప్పుడు ఒకరు అడుగుకు 65 రూపాయలన్నారు, మరొకరు 140 అన్నారు. ఇద్దరూ చూపించిన పేవరు ఒకే రకం. తేడా అంతా దాని కింద వేసే పొరల్లోనూ, తవ్విన మట్టిని ఎవరు ఎత్తించాలన్న విషయంలోనూ ఉంది. తక్కువ చెప్పినాయన కాగితంలో ఆ రెండింటి ఊసే లేదు. అందుకే నేను బడ్జెట్‌ను పైనుంచి కాక నేల కింద నుంచి వేసుకున్నాను.

మా స్థలం 12 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు, అంటే 480 చదరపు అడుగులు. 60 మిల్లీమీటర్ల పేవరు, దాని కింద ఒకటిన్నర అంగుళం ఇసుక, ఆ కింద దిమ్మిస చేసిన ఆరంగుళాల కంకర పొర కావాలంటే సుమారు పది అంగుళాలు తవ్వాలి. ఆ లెక్కన వచ్చే మట్టి 400 ఘనపుటడుగులు, తవ్వి పోశాక అది గుల్లబారి దాదాపు 500 అవుతుంది. దాన్ని ట్రాక్టర్లలో తోలించే ఖర్చు చాలామంది లెక్కలోకి రానే రాదు. పాత కాంక్రీటు పగలగొట్టవలసి ఉంటే శిథిలాల తరలింపు అదనం. కంకర పొర గట్టిపడ్డాక 240 ఘనపుటడుగులు ఉండాలంటే వదులుగా 300 వరకు తెప్పించాలి. ఇసుక 60 ఘనపుటడుగులు, సందులు నింపడానికి సన్నని పొడి ఇసుక మరికొంత. 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పేవర్లు చదరపు మీటరుకు 50 పడతాయి కనుక మా 44.6 చదరపు మీటర్లకు 2,230, కోతలకూ విరుగుళ్లకూ అయిదు శాతం కలుపుకొంటే సుమారు 2,350 కావాలి. ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి, అందరినీ అదే కాగితం మీద ధరలు వేయమన్న తరువాతే కొటేషన్లను పక్కపక్కన పెట్టి పోల్చడం సాధ్యమైంది. పేవర్ల మీద 18 శాతం జి.ఎస్.టి. కలిపి చెప్పారా, విడిగా వేస్తారా అన్నదీ అక్కడే రాయించుకోవాలి.

మందం విషయంలో భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 15658 మంచి ఆధారం. దాని 2006 నాటి పట్టిక ప్రకారం మనుషులు మాత్రమే నడిచే చోటుకు 50 మిల్లీమీటర్ల ఎం-30 (ఎం తరువాతి అంకె కాంక్రీటు బలాన్ని చెబుతుంది), తేలికపాటి వాహనాలకు 60 మిల్లీమీటర్ల ఎం-35, మధ్యస్థంగా రాకపోకలుండే చోట 80 మిల్లీమీటర్ల ఎం-40. కార్లు మాత్రమే వచ్చే ఇంటికి 60 చాలు. నీళ్ల ట్యాంకరు లోపలికి వచ్చి నిలిచే ఇల్లయితే, మా వైపు వేసవిలో అది మామూలే, 80 వేయించుకోవడం మేలని నా అభిప్రాయం. అయితే కంకర పొరను తగ్గించి మందపు పేవరు వేయడం మాత్రం డబ్బు దండగ.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసినది మట్టం. బెంగళూరు రోడ్ల మీద తారు మీద తారు వేస్తూ పోతారు, కొన్ని చోట్ల పాత తారు మీదే కాంక్రీటు పరిచి వైట్ టాపింగ్ చేస్తారు. అలా రోడ్డు ఎత్తు పెరిగినప్పుడల్లా పాత ఇళ్లు పల్లంలోకి దిగిపోతాయి. వాన నీరు ఇంటి నుంచి గేటు వైపు పారాలంటే 60 అడుగులకు ఒక అడుగు వాలు పెట్టినా 40 అడుగుల పొడవున ఎనిమిది అంగుళాల తేడా కావాలి. ఇంటి గడప దగ్గర మట్టానికీ రోడ్డు మట్టానికీ మధ్య అంత తేడా లేకపోతే, గేటు లోపల అడ్డంగా జాలీ మూత ఉన్న కాలువ కట్టి, రెండు వైపుల నుంచి నీటిని అందులోకి మళ్లించడం తప్ప దారి లేదు. కాలువ, జాలీ, అక్కడి నుంచి ఇంకుడు గుంత దాకా పైపు, ఇవన్నీ కలిస్తే చిన్న మొత్తమేమీ కాదు. నీటి గొట్టంలో నీళ్లు నింపి మేస్త్రీ చేత మట్టాలు చూపించుకోకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.

వాన నీటి సేకరణను 2009లో బెంగళూరు జల మండలి 60×40 అడుగులు, అంతకు మించిన స్థలాల్లోని పాత ఇళ్లకూ, 30×40, ఆపై స్థలాల్లో కట్టే కొత్త ఇళ్లకూ తప్పనిసరి చేసింది. ఆ లెక్కలో పైకప్పుతో పాటు గచ్చు చేసిన ఖాళీ స్థలం కూడా వస్తుంది. పైకప్పు నీరు సంపులోకి, అంటే నేలలో కట్టిన నీళ్ల తొట్టిలోకి, పోవచ్చు గాని, కారు నూనె, టైర్ల మురికి కలిసే ఈ గచ్చు నీరు పోకూడదు. దాన్ని మడ్డి పేరుకునే చిన్న గది గుండా ఇంకుడు గుంతకే పంపాలి. 2024 వేసవిలో ఊరంతా బోర్లు ఎండిపోవడం చూసినవారికి గుంత ఎందుకో వివరించనక్కరలేదు.

ఇక్కడి ఇళ్లలో సంపు సాధారణంగా కారు నిలిపే చోటు కిందే ఉంటుంది. సంపు మూత అంచును గచ్చు కంటే కొంచెం ఎత్తులో ఉంచకపోతే మురికి నీరు తాగే నీటిలో కలుస్తుంది. ఎత్తులో ఉంచితే టైరు తగులుతుంది కనుక మూత చక్రాల బాటలో పడకుండా కారు నిలిపే గీతను ముందే అనుకోవాలి, మూతను కూడా బరువు మోసే రకమే కొనాలి. డ్రైనేజీ ఛాంబర్ల మూతలను కొత్త మట్టానికి ఎత్తించే పనిని కొటేషన్‌లో విడిగా రాయించండి.

కాంక్రీటు, రాయి, పార్కింగ్ టైల్స్ కూడా ఆలోచించాను. కనీసం నాలుగు అంగుళాల కాంక్రీటు గట్టిగా ఉంటుంది, కాని ఎనిమిది పది అడుగులకొక కోత పెట్టకపోతే తనకిష్టమైన చోట బీటలు తీస్తుంది. పైగా రేపు పైపు పగిలితే పగలగొట్టాలి, పేవర్లయితే తీసి మళ్లీ పేర్చవచ్చు. బెంగళూరు దగ్గర దొరికే బూడిదరంగు గ్రానైటు, సాదరహళ్లి రాయి, అందం నాకిష్టమే, బడ్జెట్ ఒప్పుకోలేదు. పార్కింగ్ టైల్స్ కింద సిమెంటు సరిగా పరచుకోకపోతే చక్రం పడిన చోటల్లా పగులుతాయి. వాటిని నేను సిఫారసు చేయను.

పేర్చే తీరులో హెరింగ్‌బోన్ అనే, పేవర్లను చేప ముళ్లలా ఏటవాలుగా పేర్చే అల్లిక చక్రాలు తిరిగే, బ్రేకు వేసే చోట కదలకుండా నిలుస్తుంది. అంచుల్లో కోతలు పెరిగినా ఆ ఖర్చు పెట్టదగినదే. రెండు పక్కలా కాంక్రీటులో పాతిన అంచురాళ్లు లేకపోతే పేవర్లు ఏడాదిలోనే పక్కకు జరుగుతాయి.

మా అత్తగారు మాత్రం ఈ సాంకేతిక చర్చ అంతా విని, సందుల మీద ముగ్గు ఎలా వేయాలని అడిగారు. ఆవిడ మాట న్యాయమే కనుక గేటు లోపల నాలుగు అడుగుల మేర గరుకు గ్రానైటు పలకలు వేయడానికి లెక్కలో చోటిచ్చాను. గేటు బయట, రోడ్డు పక్క కాలువ మీద వేసే ర్యాంపు మన స్థలం కాదు. కాలువ శుభ్రం చేయడానికి కార్పొరేషన్ వారు తీసేస్తే అడగడానికి ఉండదు గనుక అక్కడ ఖరీదైన పని చేయించలేదు.

తవ్విన వారంలోనే గచ్చు కింద రెండు ఖాళీ పి.వి.సి. పైపులు వేయించండి. రేపు గేటు మోటారుకో, కారు ఛార్జరుకో వైరు లాగవలసి వస్తే పేవర్లు కదిపే పని ఉండదు. కాలం సంగతికొస్తే జనవరి నుంచి మార్చి లోపు పని ముగించడం మంచిది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు జడివానలు తవ్విన గుంతను బురద చేస్తాయి. డబ్బు విషయంలో మొత్తానికి 15 శాతం అదనంగా పక్కన పెట్టాను. చెల్లింపులను సామాను దిగినప్పుడు, కంకర పొర దిమ్మిస పూర్తయినప్పుడు, పేవర్లు పరిచాక అని మూడు దశలుగా రాసుకుని, చివరి పది శాతాన్ని మొదటి పెద్ద వాన తరువాత నీరు ఎక్కడా నిలవలేదని ఇద్దరం కలిసి చూశాకే ఇచ్చేలా ఒప్పందం చేసుకున్నాను. మేస్త్రీ మొదట ముఖం ముడుచుకున్నాడు గాని, వాలు తానే పెడుతున్నాడు కదా అనేసరికి ఒప్పుకున్నాడు.