గ్రెయిన్ సైజు 8.14 అని రాసే ముందు

స్టీలు రిపోర్టులో గ్రెయిన్ సైజు నంబరు (లోహంలోని చిన్న స్ఫటికాల సగటు పరిమాణం చెప్పేది) రెండు దశాంశాలతో కనిపిస్తే ముందు అడగాల్సింది, ఎన్ని ఫీల్డ్‌లు (మైక్రోస్కోపులో ఫొటో తీసిన చోట్లు) లెక్కపెట్టారని. చాలా చోట్ల ఒక్కటే ఉంటుంది, అదీ ఉన్నవాటిలో అందంగా వచ్చిన ఫొటో. ఏరి తీసిన ఫొటో నుంచి వచ్చే సగటుకి విలువ లేదు.

0.1 శాతం కార్బన్ ఉన్న, నార్మలైజ్ చేసిన (వేడిచేసి గాలిలో చల్లార్చిన) స్టీలు ప్లేటు తీసుకుందాం. పాలిష్ చేసి, ఎచ్ చేసి (ఉపరితలాన్ని ఆసిడ్‌తో కాస్త తినిపించి) చూస్తే ఫెర్రైట్ (దాదాపు శుద్ధ ఇనుము) తెల్లగా, పది పదకొండు శాతం పెర్లైట్ (ఫెర్రైట్, ఐరన్ కార్బైడ్ సన్నని పొరలు) నల్లగా కనిపిస్తాయి.

పాలిషింగ్‌కి 220, 400, 600, 800, 1200 సిలికాన్ కార్బైడ్ పేపర్లు, ధారగా నీళ్లు. పేపరు మారిన ప్రతిసారీ ముక్కని 90 డిగ్రీలు తిప్పాలి. పాత గీతలు పోయాక కూడా ఇంకాసేపు రుద్దాలి, ఎందుకంటే గీత కింద నలిగిన పొర కంటికి కనపడదు. తర్వాత 3 మైక్రాన్ల డైమండ్, ఆపైన 1 మైక్రాన్. ఎచింగ్‌కి 2 శాతం నైటాల్: 98 మి.లీ. ఇథనాల్‌లో 2 మి.లీ. నైట్రిక్ ఆసిడ్. ఆసిడ్‌నే ఆల్కహాల్‌లో కొద్దికొద్దిగా పోయాలి, ఎప్పుడూ తిరగేసి చేయకూడదు. మెరుపు తగ్గి ఉపరితలం మసకబారగానే నీళ్లతో, ఆపై ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి. మొదటి ఎచ్‌లో బయటపడేది తరచూ ఆ నలిగిన పొరే. అందుకే మళ్లీ 1 మైక్రాన్ డైమండ్ మీద పట్టి, మళ్లీ ఎచ్ చేయడం మంచిది. ఈ స్టీల్లో అసలు చిక్కు ఫెర్రైట్ బౌండరీలన్నిటినీ (గ్రెయిన్ల మధ్య సరిహద్దులని) ఆసిడ్ ఒకేలా తినకపోవడం. పక్కపక్క గ్రెయిన్ల దిశని బట్టి కొన్నిటిని లోతుగా తింటుంది, కొన్ని దాదాపు తేలవు. పదింట ఒక బౌండరీ కనపడకపోతే సైజు 11 శాతం పెద్దదిగా వస్తుంది. ఫీల్డ్‌లు ఎన్ని పెంచినా ఈ తప్పు తగ్గదు. పైగా అన్ని ఫీల్డ్‌ల్లోనూ ఒకే వైపు ఉంటుంది కాబట్టి లెక్కలో బయటపడదు కూడా.

ఫొటోలకి 20ఎక్స్ (20 రెట్లు పెంచే), 0.4 ఎన్ఏ (వెలుతురు పట్టే కోణాన్ని చెప్పే సంఖ్య) ఉన్న ఆబ్జెక్టివ్ లెన్సు చాలు. ఆకుపచ్చ వెలుతురులో దాని రిజల్యూషన్ 0.7 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, పిక్సెల్ 0.3 మైక్రాన్లు ఉంటే సరిపోతుంది. స్కేలుని స్టేజ్ మైక్రోమీటర్‌తో (సన్నని కొలత గీతలున్న పలకతో) ప్రతి ఆబ్జెక్టివ్‌కీ విడిగా సరిచూడాలి. ఫైలు టిఫ్‌లో ఉంచాలి, జేపెగ్‌లో వద్దు. ఫీల్డ్‌లు ఎక్కడ తీయాలో ఐపీస్‌లోకి చూడకముందే నిర్ణయించుకోవాలి: స్టేజీని సమాన దూరాలు జరుపుతూ పోయి, ఆగిన చోట ఫొటో తీయడమే. గీత పడ్డ చోటు వస్తే మాత్రం వదిలేసి, ఆ సంగతి రాసిపెట్టాలి.

ఇక లెక్క. ప్రతి ఫొటో మీద 1000 మైక్రాన్ల చుట్టుకొలత ఉన్న వృత్తం గీసి, అది ఎన్ని ఫెర్రైట్ గ్రెయిన్లని దాటిందో లెక్కపెట్టాలి. సరళరేఖ అయితే రోలింగ్ దిశ లెక్కని ఒకవైపు లాగేస్తుంది. ఐదు ఫీల్డ్‌ల్లో 48, 53, 50, 44, 55 వచ్చాయనుకుందాం. సగటు 50. తొందరపడి 1000ని 50తో భాగిస్తే 20 మైక్రాన్లు. కానీ వృత్తంలో కొంత భాగం పెర్లైట్ మీదుగా పోయింది. ఫెర్రైట్ వాటా 0.89 అయితే ఫెర్రైట్ సగటు ఇంటర్‌సెప్ట్ (గీత ఒక గ్రెయిన్ లోపల సాగే పొడవు) 17.8 మైక్రాన్లే. గ్రెయిన్ సైజు కొలతకి వాడే ప్రమాణం ఏఎస్‌టీఎం ఈ112 సూత్రంలో, మి.మీ.లోకి మార్చిన ఇంటర్‌సెప్ట్‌కి 10 ఆధారంగా తీసిన లాగరిథమ్‌ని −6.644తో గుణించి 3.288 తీసేస్తే జీ, అంటే గ్రెయిన్ సైజు నంబరు, 8.3 వస్తుంది (గ్రెయిన్ చిన్నదైతే నంబరు పెరుగుతుంది). పెర్లైట్ మర్చిపోతే 8.0.

ఆ ఐదు సంఖ్యల స్టాండర్డ్ డీవియేషన్ 4.3. 95 శాతం కాన్ఫిడెన్స్‌కి, ఐదు ఫీల్డ్‌లకి టీ విలువ (నమూనాలు తక్కువైనప్పుడు స్టాటిస్టిక్స్ పట్టిక నుంచి తీసుకునే గుణకం) 2.776. దాన్ని 4.3తో గుణించి 5 వర్గమూలంతో భాగిస్తే 5.3, అంటే సగటులో 10.7 శాతం. జీలో ఇది రమారమి 0.3. ఇక 8.34 అని రాయడంలో అర్థమేముంది? ఈ112 ప్రకారం 10 శాతం లోపు ఉంటే చాలు. చెల్లాచెదురు ఇలాగే ఉంటే ఇంకో రెండు ఫీల్డ్‌లు కలపగానే 8 శాతానికి దిగుతుంది.

ఒక్కో ఫొటోలో వందల గ్రెయిన్లున్నా ఈ లెక్కలో ఎన్ (నమూనాల సంఖ్య) అంటే ఫీల్డ్‌ల సంఖ్య. పక్కపక్క గ్రెయిన్లు ఒకే చోట చల్లబడ్డవి, వాటిని విడివిడి సాక్ష్యాలుగా లెక్కేస్తే ఎర్రర్ ఉత్తుత్తిగా చిన్నదైపోతుంది. ఒకే ముక్కలో ఇరవై ఫీల్డ్‌లు తీసినా ఆ ముక్క సంగతే తెలుస్తుంది. ప్లేటు గురించి చెప్పాలంటే అంచు నుంచి, మధ్య నుంచి వేరే ముక్కలు కోయాలి.

ఆ 0.89 ఎలా వచ్చింది? ఫొటోలు కొలిచే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో ఆటో థ్రెషోల్డ్ (నలుపు, తెలుపుల్ని తానే విడదీసేది) నొక్కితే నల్లగా ఉన్నదంతా పెర్లైట్ అయిపోతుంది, గ్రెయిన్ బౌండరీలతో సహా. బౌండరీ ఫొటోలో 1 మైక్రాన్ వెడల్పు కనిపిస్తే ఈ స్టీల్లో అదొక్కటే విస్తీర్ణంలో సుమారు 8 శాతం. 11 ఉండాల్సింది 19 అవుతుంది. సన్నగీతలు చెరిపే ఫిల్టర్ వేస్తే చిన్న పెర్లైట్ మచ్చలూ పోతాయి. వంద చుక్కల గ్రిడ్ పరిచి, పెర్లైట్ మీద పడ్డ చుక్కల్ని కంటితో లెక్కపెట్టడమే నాకు నమ్మకం. కోసిన తలం మీది విస్తీర్ణ వాటా ఘనపరిమాణ వాటాకి సమానమని ఫ్రెంచ్ భూగర్భ శాస్త్రవేత్త డెలెస్ 1847లోనే చూపించాడు. చుక్కల వాటా కూడా అంతే.

గ్రెయిన్ల వ్యాసాలకి (అడ్డుకొలతలకి) ఆ సౌకర్యం లేదు. ఒకే సైజు గోళాల్ని అడ్డంగా కోస్తే కనిపించే వృత్తాల సగటు వ్యాసం అసలు వ్యాసంలో 0.785 వంతే. ఫొటోలోని చిన్న గ్రెయిన్లలో చాలావాటికి కొస మాత్రమే తెగింది. అందుకే ఇంటర్‌సెప్ట్‌ని వ్యాసం అని రాయకండి. గ్రెయిన్ సైజుల హిస్టోగ్రామ్ గీస్తే ఎడమవైపు తోక సహజంగానే ఉంటుంది. రెండు శిఖరాలు కనిపిస్తే మాత్రం సగటు ఇవ్వొద్దు, పెద్ద గ్రెయిన్లు, చిన్న గ్రెయిన్లు విస్తీర్ణంలో ఎంతెంత శాతమో విడిగా రాయండి.