అక్క ఫోటో

"ఫోటో తీసుకోరా, కానీ ఫేస్‌బుక్‌లో మాత్రం పెట్టొద్దు" అనింది అక్క. పొద్దున కపిలతీర్థం కాడ, కోనేటి మెట్ల మీద కూర్చోని ఉన్నాం. మొహం నవ్వతానే ఉంది, చెయ్యి మాత్రం వెనక నడుం నొక్కుకుంటా ఉంది.

నడుం ఆపరేషన్ అయినాక అమెరికాలో ఉద్యోగం చేయలేక, ఇన్సూరెన్స్ వాళ్ళిచ్చే డిసెబిలిటీ డబ్బుల మీద ఉంది. వాళ్ళు ఫేస్‌బుక్, ఇన్‌స్టా కూడా చూస్తారంట, నవ్వే ఫోటో ఒకటి దొరికితే బాగానే ఉంది కదా అంటారేమోనని భయం. డాక్టర్ని అడిగి, ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే చెప్పి ఇండియాకి వచ్చింది, అయినా భయమే. అక్కడ గవర్నమెంటు ఇచ్చేవి వేరే, పనిచేసి పన్ను కట్టినోళ్ళకిచ్చే డిసెబిలిటీ డబ్బులు ఎస్‌ఎస్‌డీఐ అయితే సిటిజన్లకి ఇండియాలో ఉన్నా వస్తాది, పేదోళ్ళకిచ్చే ఎస్‌ఎస్‌ఐ మాత్రం వరసగా 30 రోజులు దేశం బయట ఉంటే ఆగిపోతాది.

మధ్యాహ్నం మా అత్త "ఇంత దూరం ఫ్లైట్‌లో వచ్చినావు, పని చేయలేవా మా" అనేసింది. చెడ్డగా కాదులే. కానీ ఫ్లైట్ దిగి వచ్చినాక అక్క మంచం దిగలేకపోయింది, బాత్రూంకి కూడా అమ్మే పట్టుకోని తీసుకపోయింది, అది అత్త చూళ్ళేదు.

జబ్బు చేసినోళ్ళు మూల కూర్చోని ఏడస్తా ఉంటేనే నమ్ముతారా? రోజూ 8 గంటలు కుర్చీలో పనిచేసేది వేరు, నొప్పి మాత్రలేసుకోని అమ్మని చూసిపోయేది వేరు. అత్తకి అదే చెప్పినా, కొంచెం గట్టిగానే.

అక్కని అడిగే ఇది రాస్తా ఉండా. రేపు పొద్దున్నే తిరుచానూరు పోదామంటా ఉంది, గుడి కాడ వీల్‌చైర్ దొరుకుతాదా, ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.