అంబాసిడర్ బానెట్ కింద ఒక ఆదివారం

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ మార్చాలి, అంటే ఇంజన్‌కీ పొగ గొట్టానికీ మధ్య పొగ లీకవకుండా పెట్టే పల్చటి పట్టీ. ఇవాళ్టి పని చెప్పుకోవడానికి ఇంతే. టిఫిన్ వేళకి అయిపోతుందన్నట్టు మొదలుపెట్టాను, చీకటి పడినా కారు బానెట్ ఇంకా ఎత్తే ఉంది.

కొన్నాళ్ళుగా పొద్దున్నే స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని ఒక చప్పుడు. ఇంజన్ వేడెక్కాక దానంతటదే తగ్గిపోయేది. ట్యాపెట్లు, అంటే ఇంజన్ వాల్వుల్ని కదిపే భాగాలు, సెట్ చేయించమని అందరూ సలహా ఇచ్చారు. ట్యాపెట్ల గోల అయితే వేడెక్కినంత మాత్రాన ఇలా పూర్తిగా ఆగదు కదా. ఇనుము వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటే ఆగిపోయే చప్పుడు ఇది. టార్చ్ వేసి చూస్తే గ్యాస్కెట్ అంచున నల్లటి మసి కనపడనే కనపడింది.

బండి నాన్నగారు 1984లో కొన్న మార్క్ 4. అంబాసిడర్ బానెట్ ఎత్తితే లోపల మనిషి కూర్చుని పని చేసుకోవచ్చంటారు. ఆ మాట అనేవాళ్ళెవరూ మానిఫోల్డ్ కింది నట్లు విప్పి ఉండరు. ఈ 1489 సీసీ ఇంజన్ ఇంగ్లండ్ వాళ్ళ డిజైన్. గాలి లోపలికి వెళ్ళే దారి, పొగ బయటికొచ్చే దారి, ఈ రెండు మానిఫోల్డులూ ఒకే పక్కన ఉంటాయి. రెండు మానిఫోల్డుల అంచుల మీదా చెరి సగం ఆనేలా ఒక మందపాటి వాషరు, దాని మీద నట్టు. అంటే ఒక నట్టు మొరాయిస్తే రెండూ కదలవు. పైన కార్బురేటర్, కింద సైలెన్సర్ పైపు. పానా పెట్టడానికి దారి ఉంటే తిప్పడానికి చోటుండదు, తిప్పడానికి చోటుంటే పానా అందదు.

బ్యాటరీ వైరు తీసేశాను. కార్బురేటర్ విప్పి, పెట్రోల్ పైపు మూతి బిగించి పక్కన పెట్టాను. నట్లకి రాత్రే ఆయిల్ స్ప్రే కొట్టి ఉంచాను కాబట్టి పై వరస పెద్దగా సతాయించలేదు. మధ్యలో కింద ఉన్న ఒక్కటి మాత్రం కంటికే ఆనలేదు. మొబైల్‌ని సందులో దూర్చి ఫోటో తీస్తే అప్పుడు తెలిసింది సంగతి. ఆరు మూలల్లో రెండే మిగిలాయి. ఒక పక్క ఉలి పెట్టి కొట్టిన గాటు. పైగా అది ఇత్తడి నట్టు కాదు, మామూలు ఇనప నట్టు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ ఇత్తడి నట్లు వాడేది అందం కోసం కాదు. నట్టు ఎక్కే ఉక్కు మర కడ్డీని స్టడ్డు అంటారు, ఇత్తడి దానికి తుప్పుతో అతుక్కుపోదు, పైగా వేడికి ఉక్కుకన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి ఎన్నేళ్ళకైనా విప్పుకోవచ్చు. నాలుగు రూపాయలు మిగులుతాయని ఎవరో ఇనప నట్టు వేసి చేతులు దులుపుకున్నారు. దాని మీద ఇంకొకరు 13 మిల్లీమీటర్ల పానా వేశారు. ఈ ఇంజన్ నట్లు అంగుళాల లెక్కవి. ఈ నట్టుది అరంగుళం పానా, అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా సరిపోయినట్టే ఉంటుంది గానీ, గట్టిగా లాగితే మూలలు నున్నగా అరిగిపోతాయి.

మెకానిక్ భాయ్‌కి ఫోన్ చేశాను. "సార్, ముందు విప్పకండి, బిగించండి. కొంచెం కదిలిందా, అప్పుడు వెనక్కి. పన్నెండు పళ్ళ సాకెట్ వద్దు, ఆరు పళ్ళదే పెట్టండి" అన్నాడు. గ్యాస్‌తో కాల్చనా అని అడిగితే, "పెట్రోల్ బండి సార్, ఇంట్లో వద్దు" అని నవ్వాడు.

ఆరు పళ్ళ సాకెట్‌ని సుత్తితో తట్టి ఎక్కించాలి. నా చెయ్యి దూరదు. తొమ్మిదో క్లాసు చదివే మావాడి చెయ్యి మాత్రం చేప పిల్లలా దూరిపోయింది. వాడు కింద సాకెట్ పట్టుకుంటే నేను పైనుంచి పొడుగు రాడ్డుతో తట్టాను. తర్వాత ఏ వైపుకైనా వంగే నకిల్ జాయింట్, దానికి ఎక్స్‌టెన్షన్ రాడ్డు. "నాన్నా, జారుతోంది" అని వాడు, "కదపకురా" అని నేను. లోపల్నుంచి మా ఆవిడ, "ఏవండీ, వాణ్ణి అన్నానికైనా వదులుతారా?" అని కేక.

బిగించే వైపు కాస్త లాగాను. టక్‌మంది. విరిగిందేమోనని ఒకటే టెన్షన్. స్టడ్డు ఇంజన్ పై భాగమైన హెడ్డులోకి విరిగితే డ్రిల్లింగు, కొత్త మర, వారం పాటు వర్క్‌షాపు. వెనక్కి తిప్పితే మెల్లగా తిరిగింది. చివరికి నట్టు ఒక్కటే రాలేదు, స్టడ్డుతో సహా ఊడి వచ్చింది. హెడ్డులో మర చెక్కు చెదరలేదు. అంతకన్నా ఏం కావాలి!

పాత గ్యాస్కెట్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అందుకని గీకే ముందు నీళ్ళతో బాగా తడిపాను. మావాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. రెండు మానిఫోల్డుల అంచుల మీద స్టీలు స్కేలు ఆనించి చూస్తే, ఎగ్జాస్ట్ వైపు వెంట్రుకవాసి పల్చగా ఉంది. వాషరు రెంటినీ సమానంగా నొక్కడం లేదన్నమాట. గ్యాస్కెట్ ఎన్నిసార్లు మార్చినా ఆ టిక్ టిక్ మళ్ళీ రాక మానదు. లేత్ దగ్గర రెండూ ఒకే మందం చేయించాలి.

రేపు ఆఫీసుకి స్కూటరే గతి. సాయంత్రం ఆటోనగర్ వెళ్ళి ఒక స్టడ్డు, అన్నిటికీ ఇత్తడి నట్లు తేవాలి. మావాడు కూలీ కింద బిర్యానీ అడిగాడు, అదీ ఆ దారిలోనే.