హార్ట్ రేట్ మానిటర్: మణికట్టుకా, ఛాతీకా?

హార్ట్ రేట్ మానిటర్ కొనేటప్పుడు చాలామంది ముందు చూసేది స్క్రీను, యాప్. ముందు తేల్చుకోవాల్సింది మాత్రం సెన్సర్ ఒంటిమీద ఎక్కడ ఉంటుంది, మీరు చేసే వ్యాయామంలో ఆ చోటు ఎంత కదులుతుంది అన్నది.

వాచీ వెనక వెలిగే ఆకుపచ్చ లైట్లు గుండెను చూడవు, చర్మం కింది రక్తాన్ని చూస్తాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్కడ రక్తం కాస్త పెరుగుతుంది, రక్తం ఆ కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి వెనక్కి వచ్చే వెలుతురు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెట్టి వాచీ అంకె చూపిస్తుంది. కూర్చున్నప్పుడూ నడిచేటప్పుడూ ఇది బాగానే పనిచేస్తుంది.

పరుగుతోనే చిక్కు మొదలవుతుంది. చాలామంది నిమిషానికి 160 నుంచి 180 అడుగులు వేస్తారు. గట్టిగా పరిగెత్తేటప్పుడు గుండె వేగం కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. దాంతో ఒక్కోసారి వాచీ చేతి ఊపును పట్టుకుని, అడుగులనే గుండె దెబ్బలుగా లెక్కేస్తుంది. హాయిగా మాట్లాడుతూ పరిగెత్తగలుగుతున్నా అంకె 172 దగ్గర కదలకుండా ఉందంటే అనుమానించాల్సిందే. వెంటనే ఆగి మెడ దగ్గర నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఆగగానే గుండె నెమ్మదించడం మొదలెడుతుంది కాబట్టి అంతకంటే ఎక్కువసేపు లెక్కపెడితే లాభం లేదు.

చలిలో చర్మానికి రక్తం తగ్గుతుంది, సిగ్నల్ బలహీనపడుతుంది. సెన్సర్ కింద ముదురు పచ్చబొట్టు ఉన్నా అంతే. బరువులెత్తేటప్పుడు మణికట్టు వంగి, పిడికిలి బిగిసి వాచీ కింద రక్తం సరిగా ఆడదు. ఇక 30 సెకన్ల స్ప్రింట్లయితే, వాచీ తేరుకునేలోపు స్ప్రింటే అయిపోతుంది. వాచీతోనే సరిపెట్టుకోవాలంటే మణికట్టు ఎముకకు రెండు వేళ్ల ఎడం పైన, జారకుండా బిగించి, ఐదు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించాక అంకె చూడండి.

ఛాతీ పట్టీ పద్ధతి వేరు. గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే విద్యుత్ సంకేతాన్నే రెండు ఎలక్ట్రోడ్లతో పట్టుకుంటుంది కాబట్టి వేగం మారిన వెంటనే అంకె మారుతుంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఎడం మిల్లీసెకన్లలో కావాలన్నా దీన్నే నమ్మాలి. ఇంటర్వెల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు నెమ్మదిగా, మార్చి మార్చి చేసే వ్యాయామం) చేసేవాళ్లు వేరే ఆలోచన పెట్టుకోకుండా ఇదే కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

పెట్టుకునే ముందు ఎలక్ట్రోడ్లను నీళ్లతో తడపాలి. ఛాతీ కండరానికి సరిగ్గా కింద, పాడ్ (పట్టీకి బొత్తాలతో తగిలించే చిన్న సెన్సర్ డబ్బా) మధ్యకు వచ్చేలా, గట్టిగా ఊపిరి పీల్చినా జారనంత బిగువుగా కట్టాలి. మొదటి పది నిమిషాల్లో 210, 220 అంటూ అర్థంలేని అంకెలు వస్తే చాలావరకు కారణం పొడి ఎలక్ట్రోడ్లు, లేదా సింథటిక్ టీషర్టు రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు. చెమట పట్టాక సర్దుకుంటుంది.

పని అవగానే పాడ్ ఊడదీయండి. రెండు బొత్తాల మధ్య తడి ఉన్నంతసేపూ పాడ్ మీరింకా దాన్ని తొడుక్కునే ఉన్నారనుకుని పనిచేస్తూనే ఉంటుంది. నెలల తరబడి రావాల్సిన బటన్ సెల్ త్వరగా అయిపోయేది చాలాసార్లు ఇందుకే. పట్టీని ప్రతిసారీ మంచినీళ్లలో జాడించండి, లేకపోతే చెమట ఉప్పు బొత్తాలను తినేస్తుంది. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ తగలనివ్వద్దు, ఎలక్ట్రోడ్ల మీద పొరలా పేరుకుంటుంది. ఎలాగూ పాడ్ కంటే పట్టీయే ముందు పాడవుతుంది. కొత్త సెల్ వేసినా అంకెలు గెంతుతుంటే పట్టీ మార్చి చూడండి. అందుకే పట్టీ విడిగా దొరికే మోడలే తీసుకోవాలి.

ఛాతీకి పట్టీ అంటే ఇబ్బంది పడేవాళ్లకు చేతి బ్యాండు ఉంది. ఇదీ లైటు సెన్సరే. మోచేతికి కిందో పైనో కండ ఎక్కువ, కుదుపు తక్కువ కాబట్టి వాచీ కంటే మెరుగు.

కనెక్షన్ సంగతి: యాంట్ ప్లస్ (ఇలాంటి పరికరాలు వాడే, బ్లూటూత్ లాంటి వైర్‌లెస్ పద్ధతి) సిగ్నల్‌ను ఎన్ని పరికరాలైనా ఒకేసారి అందుకోవచ్చు. బ్లూటూత్‌లో కొన్ని మోడళ్లు ఒక్కదానికే జతవుతాయి. సైకిల్ కంప్యూటర్‌కు పట్టీ కనబడట్లేదంటే ఫోన్లోని యాప్ దాన్ని ముందే పట్టేసుకుందేమో చూడండి. నీళ్లలో ఈ రెండూ పారవు. ఈతకైతే పాత 5 కిలోహెర్ట్జ్ సిగ్నలన్నా ఉండాలి, పాడ్‌లోనే రికార్డు చేసుకునే వీలన్నా ఉండాలి.

ఎంత మంచి మానిటరైనా గుండె గరిష్ఠ వేగం తప్పుగా పెడితే జోన్లన్నీ (తేలిక నుంచి కఠినం దాకా గుండె వేగాన్ని విడగొట్టే మెట్లు) తప్పే. 220లోంచి వయసు తీసేసే లెక్క 60 ఏళ్లకు 160 అంటుంది. 208లోంచి వయసులో 0.7 వంతు తీసేసే లెక్క 166 అంటుంది. మనిషిని బట్టి ఏ లెక్కయినా పది దాకా అటూ ఇటూ పోవడం మామూలే. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లకు ఈ లెక్కలు పనికిరావు. పేస్‌మేకర్ ఉంటే పట్టీ కట్టే ముందు డాక్టర్నే అడగాలి.

ఏది కొన్నా వాపసు గడువులోపే పరీక్షించండి. పది నిమిషాలు వార్మప్, తర్వాత ఒక నిమిషం గట్టిగా, రెండు నిమిషాలు నెమ్మదిగా, ఇలా ఐదుసార్లు. గ్రాఫ్‌లో ఐదు శిఖరాలు విడివిడిగా కనిపించాలి. ఐదూ కలిసి ఒకే దిబ్బలా వస్తే ముందు బిగువు, చోటు మార్చి ఇంకోసారి చూడండి. అప్పుడూ అంతే అయితే తిరిగిచ్చేయండి.