విసనకర్ర మీద పుచ్చముక్క, ముక్క మీద మిడత

ఆగస్టులో టోక్యో వెళ్లొద్దని చాలామంది చెప్పారు. ఎండ ఎలాగో ఓర్చుకోవచ్చు, ఆ ఉక్కపోత మాత్రం మనిషిని నిలవనివ్వదు. అయినా నాకు ఆ ఉక్కే కావాలి. నేను చూడాలనుకున్నవి విసనకర్రల మీద వేసే అచ్చుబొమ్మలు, అవి ఒకప్పుడు అమ్ముడుపోయింది ఈ కాలంలోనే. టోక్యోలోనే నిషి కసాయి అనే పేటలో ఉంటున్న మా బాబాయి కూతురు, "ఏసీ మాల్స్ అన్నీ వదిలేసి విసనకర్రల కొట్టుకెందుకు అన్నయ్యా?" అని విసుక్కుంటూనే తీసుకెళ్లింది.

కొట్టు పేరు ఇబాసెన్. నిహోంబాషిలోని కొబునాచోలో, ఆఫీసు భవనాల మధ్య ఉంది. 1590 నుంచి నడుస్తోంది. టోక్యోను ఎడో అని పిలిచే రోజుల్లో ఈ చుట్టుపక్కల కాలువ గట్టంతా విసనకర్రల టోకు వ్యాపారులే. మడతపడని గుండ్రటి విసనకర్రను ఉచివా అంటారు కాబట్టి ఆ గట్టుకు ఉచివా గాషి అనే పేరు పడింది. హిరోషిగే, కునియోషి లాంటి పెద్ద చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, అచ్చు వేయించి అమ్మిన కొట్ల్లో ఇదొకటి.

లోపల ఒక ఉచివా దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎడమవైపు కింద కోసిన పుచ్చముక్క, దాని తొక్క మీద మిడత. మిడత మీసాలు రెండూ పైకి లేచి విసనకర్ర అంచు దాకా పోయాయి, అందులో ఒకటి అంచు దగ్గర తెగిపోయింది. పిడి వచ్చే చోట అడుగున మధ్యలో కాగితం ఉండదు, అక్కడ ఏం గీసినా పోతుంది. అందుకే బరువైన పండును ఒక పక్కకు జరిపి, రెండో పక్కను తీగకూ పురుగు మీసాలకూ వదిలేశాడు చిత్రకారుడు. చతురస్రపు కాగితం మీద ఇదే బొమ్మ వేస్తే ఇంత బాగుండదని నా అభిప్రాయం.

అచ్చువేసే పద్ధతి మన పెడన కలంకారీకి తలకిందులు. పెడనలో అచ్చును చేత్తో పట్టుకుని గుడ్డ మీద అద్దుతారు. ఇక్కడ చెర్రీ చెక్క కదలదు. దాని మీద రంగు పూసి, కాగితం పరిచి, వెనకనుంచి బారెన్ అనే గుండ్రటి బిళ్లతో రుద్దుతారు. రంగుకో చెక్క. కాగితం జరగకుండా ప్రతి చెక్క మూలన చిన్న గాటు ఉంటుంది. పుచ్చముక్కలోని ఎరుపు, తొక్క దగ్గరికి వచ్చేసరికి పలచబడిపోవడం కూడా చెక్క మీదే రంగును తడి బ్రష్‌తో తేల్చడం వల్ల వస్తుంది.

నీలం సంగతి ఇంకా తమాషా. దిగుమతైన ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం రంగుతో ఐసెన్ అనే చిత్రకారుడు గీసిన విసనకర్ర బొమ్మలు 1829లో బాగా అమ్ముడయ్యాకే ఆ నీలానికి గిరాకీ పెరిగింది. హొకుసాయి గీసిన ప్రసిద్ధ అచ్చుబొమ్మ 'పెద్ద అల' వచ్చింది ఆ తర్వాత.

టోక్యోలోనే హరాజుకులో ఉన్న ఓటా అనే అచ్చుబొమ్మల మ్యూజియంలో పాత అచ్చులు చూశాం. 1980లో తెరిచిన చిన్న మ్యూజియం అది, రంగులు వెలిసిపోకుండా దీపాలు బాగా తగ్గించి పెడతారు. ఒక కాగితం మీద కింద నుంచి పైకి విచ్చుకుంటూ సన్నటి గీతలు కనిపించాయి. అవి వెదురు ఈనెల ముద్రలు. అంటే దాన్ని అతికించి, ఎవరో వాడారు. వాడినవి వేసవి అయ్యాక చెత్తలోకే పోయేవి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం కొట్టువాళ్లు నమూనాలుగా పుస్తకాల్లో దాచుకున్నవి, ఒక్కసారి కూడా గాలి విసరనివి.

సాయంత్రం ముకోజిమా హ్యక్కాయెన్ తోటకు వెళ్లాం. 1804 నాటి తోట, టికెట్ 150 యెన్లు. ఆగస్టు చివర కొన్ని సాయంత్రాలు అక్కడ పురుగుల పాట వినిపిస్తారు. ముఖ్యంగా సుజుముషి అనే పురుగుది. "ఇది మన కీచురాయేగా అన్నయ్యా!" అంది మా చెల్లి. జాతి దగ్గరిదే, గొంతు మాత్రం చాలా సన్నం. ఎడోలో వీటిని బోనుల్లో పెట్టి వీధుల్లో అమ్మేవారు. ఈ పురుగు పాట జపాన్ వాళ్లకు శరదృతువు గుర్తు. కాబట్టి ఉక్కపోతలో ఇలాంటి పురుగు బొమ్మ ఉన్న విసనకర్ర కొన్నవాడు గాలితో పాటు రాబోయే చల్లదనాన్నీ కాస్త ముందుగా కొనుక్కున్నట్టే. వ్యాపారులు తెలివైనవాళ్లు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట: ఓటాలో ప్రదర్శనలు తరచూ మారుస్తుంటారు, మార్చేటప్పుడు కొన్ని రోజులు మూసేస్తారు. అది ఎక్కువగా నెలాఖరునే, పురుగుల సాయంత్రాలూ ఆ రోజుల్లోనే వస్తాయి. మేం మ్యూజియం ముందు చూసేశాం కాబట్టి ఇబ్బంది పడలేదు. తేదీలు చూసుకోకుండా విమానం టికెట్ కొనకండి.